బెలూన్ వేశాక ఊపిరి కుదురుకునే దాకా: నా నోటుపుస్తకంలోంచి

సన్నబడిన గుండె వాల్వ్‌ని తెరిచేందుకు బెలూన్ వేయించుకుని ఇంటికొచ్చిన పదకొండో రోజున మా మేడమెట్లు ఎక్కబోయాను. మొత్తం పద్దెనిమిది మెట్లు. పైన ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని. పన్నెండో మెట్టు మీదే ఆగిపోయాను. గుండె దడ, నోటితో గాలి పీల్చడం, అన్నీ మళ్ళీ పాతవే. అక్కడే కూలబడి, ఇంత చేయించుకున్నా ఈ ఆయాసం నన్ను వదల్లేదే అని ఏడ్చేశాను.

మా ఆయన ఆసుపత్రికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. డాక్టరుగారు రెండే అడిగారు: వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా, కాళ్ళకు వాపు ఉందా అని. ఊపిరి ఆడుతోంది, వాపు లేదు అన్నాను. "అయితే భయం లేదమ్మా. మీ వాల్వ్ ఒక్క గంటలో తెరుచుకుంది. ఆ కబురు ఊపిరితిత్తులకీ కాళ్ళకీ అందడానికి మాత్రం నెలలు పడుతుంది" అన్నారు.

ఆ ఒక్క మాట ముందే తెలిసుంటే ఆ రోజు అంత టెన్షన్ పడేదాన్ని కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మంగళగిరిలో మగ్గం నేసుకునే మనిషిని. బెలూన్ వేశాక ఏడాదిగా రోజూ రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గరుంది. అందులో పనికొచ్చినవి, డాక్టర్ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. మీ డాక్టరు మీకు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

ఏం తెరుచుకుంది, ఎంత తెరుచుకుంది

నాకు పదకొండేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు జ్వరం, మోకాళ్ళ వాపు. ఒక మోకాలు తగ్గితే రెండోది వాచేది. కీళ్ళజ్వరం అన్నారు, మందులు వాడాం, పోయింది. పోతూ పోతూ అది గుండెలో వాల్వ్‌ని పట్టుకుందని ఎవరికీ తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్ళకు ఆయాసం మొదలైతే ఒకచోట ఉబ్బసం అనుకుని పధ్నాలుగు నెలలు పీల్చే మందు వాడించారు. ఒకరోజు దగ్గితే కళ్ళెలో రక్తపు చార కనపడింది. అప్పుడు ఎకో, అంటే గుండె స్కాన్ తీస్తే మైట్రల్ వాల్వ్ సన్నబడిందని బయటపడింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద బెలూన్ వేశారు.

ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం గుండె ఎడమవైపు పైగదిలో చేరి, కింది గదిలోకి దిగే చోట ఉండే తలుపు ఈ వాల్వ్. మామూలుగా అది తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. 1.5 కి పడిపోతే తీవ్రం కింద లెక్క. నాది 0.9. కాలువ షట్టరు సరిగ్గా ఎత్తకపోతే నీళ్ళు వెనక్కి తన్ని గట్టు పక్క చేలోకి ఎక్కుతాయి కదా, నా రక్తం అలా ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తన్నింది. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడి మోసి అక్కడి రక్తనాళాలు మందంగా తయారయ్యాయి. షట్టరు ఎత్తగానే కాలువలో నీళ్ళు దిగుతాయి. నానిపోయిన చేను ఆరడానికి దాని టైము దానికి కావాలి.

తొడ మొదట్లో ఉండే సిరలోంచి సన్నని గొట్టం పంపి, గుండె పైగదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, బెలూన్‌ని వాల్వ్ మధ్యకు చేర్చి ఉబ్బిస్తారు. అతుక్కుపోయిన రెక్కలు అంచుల దగ్గర విడిపోతాయి. జపాన్ డాక్టరు కంజి ఇనోవే 1982లో మొదటిసారి ఇలా చేశారు. అంతకుముందు దీనికి ఛాతీ కోయాల్సి వచ్చేది. నాకు మెలకువగానే ఉంది. బెలూన్ ఉబ్బిన ఆ కొన్ని సెకన్లు కళ్ళు బైర్లు కమ్మాయి, అంతే.

నా కాగితాల్లో అంకెలు ఇవి. వాల్వ్ 0.9 నుంచి 1.8 అయింది. ఎడమ పైగదిలో ఒత్తిడి 26 ఉండేది, బల్ల మీదే 11 కి దిగింది. ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి 68 ఉండేది, మర్నాటికి 50, ఆరు నెలలకు 38. ఈ మూడో వరుసని బాగా చూడండి. కొంత వెంటనే దిగింది, మిగతాది నెలల మీద దిగింది. పదకొండో రోజు నేను మెట్ల మీద కూలబడ్డానంటే, ఆ వరుస అప్పటికింకా సగంలోనే ఉంది.

ఇంకో సంగతి. 1.8 అంటే 4 కాదు. నా తలుపు మామూలు మనిషి తలుపులో సగం కూడా తెరుచుకోలేదు. ఇంటిపనికీ నడకకీ అది చాలు. జ్వరం వచ్చినా, గుండె పరుగెత్తినా, కడుపుతో ఉన్నా చాలకపోవచ్చు. కింద రాసినవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మొదటి వారం

ఇది పెద్దగా చెప్పేది కాదు. గొట్టం పెట్టిన చోట కొద్దిగా నీలంగా కమిలితే కంగారు పడక్కర్లేదు. గడ్డలా ఉబ్బుతున్నా, రక్తం కారుతున్నా వెల్లకిలా పడుకుని, ఎవరిచేతనైనా అక్కడ గట్టిగా అదిమి పట్టించుకుని ఆసుపత్రికి ఫోన్ చేయాలి. వారం రోజులు నీళ్ళ బిందె ఎత్తలేదు, గొంతుక్కూర్చోలేదు. మలబద్ధకం లేకుండా చూసుకోండి, ముక్కడం మంచిది కాదు. గుండె గోడకు చేసిన చిన్న రంధ్రం చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే పూడుతుంది. ఎకోలో డాక్టరు దాన్ని చూస్తూనే ఉంటారు.

నాడి పట్టడం నేర్చుకోండి

ఒక్కటే నేర్చుకుంటాను అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

వాల్వ్ సన్నగా ఉన్నవాళ్ళకు గుండె నెమ్మదిగా కొట్టుకోవాలి. గుండె ఒకసారి పిండుకుని, మళ్ళీ వదులయ్యే సమయంలోనే రక్తం ఆ ఇరుకు తలుపులోంచి కిందికి దిగుతుంది. నిమిషానికి 60 కొట్టుకుంటే ఒక్కో దెబ్బకు సెకను పడుతుంది, అందులో సుమారు మూడింట రెండు వంతులు ఆ దిగడానికే. 120 కొట్టుకుంటే అర సెకను, అందులోనూ సగమే. తలుపు చిన్నది, టైము కూడా లేదు. రక్తం మళ్ళీ ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ఆయాసం వస్తుంది. జ్వరం వచ్చినప్పుడు, కంగారు పడినప్పుడు మనకు ఊపిరి ఆడకపోవడానికి ఇదే కారణం. గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ లాంటి బిళ్ళలు ఇచ్చేదీ ఇందుకే.

పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందు, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి. దెబ్బ ఒక వరసలో లేకపోతే, అంటే రెండు దగ్గరగా, ఒకటి దూరంగా అలా పడుతుంటే, నిమిషం మొత్తం లెక్కపెట్టండి. ఆ సంగతి అదే రోజు డాక్టరుకు చెప్పండి. వరస తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, దానికి మందు వేరే ఉంది.

నాకు పొద్దున 64 నుంచి 72 మధ్య ఉంటుంది. నాలుగో నెలలో గుడివాడలో పెళ్ళికి వెళ్ళి బిళ్ళలు ఇంట్లో మర్చిపోయాను. రెండు రోజులే కదా అనుకున్నాను. రెండో రోజు కూర్చుని ఉండగానే నాడి 104, ఫంక్షన్ హాలు మెట్లు ఎక్కలేకపోయాను. మా ఆయన మందుల షాపుకు పరుగెత్తారు. ఈ బిళ్ళ ఉన్నట్టుండి మానేస్తే గుండె ఇంకా ఎదురుతిరిగి పరుగెడుతుందట. అప్పట్నుంచి ఒక స్ట్రిప్పు ఎప్పుడూ నా పర్సులోనే ఉంటుంది, దాంతోపాటు మందుల చీటీ ఫొటో ఫోనులో ఉంటుంది.

దిండ్లు, బరువు, ఉప్పు

ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందా లేదా అని ఇంట్లో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది దిండ్ల లెక్క. బెలూన్‌కి ముందు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు. రాత్రి రెండింటికి దగ్గు, లేచి కూర్చుంటే తగ్గేది. ఇంటికొచ్చిన మూడో రాత్రే ఒక దిండుకు వచ్చాను. నోటుపుస్తకంలో రోజూ 'దిండ్లు: 1' అని రాస్తాను. అది 2 అయిన రోజున ఫోన్ చేయాలి.

బరువు పొద్దున్నే, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే రకం నైటీతో చూసుకుంటాను. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. మోకాలి కింద ముందరి ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీసి చూడండి. గుంట పడి అలాగే నిలిస్తే వాపు ఉన్నట్టే. నీరు పోయే బిళ్ళ వాడేవాళ్ళు నోరు పిడచకట్టుకుపోయినా, లేవగానే కళ్ళు తిరిగినా, పిక్కలు పట్టేసినా అదీ చెప్పాలి. ఆ బిళ్ళతో పొటాషియం పడిపోవచ్చు, రక్తపరీక్ష చేస్తారు.

ఉప్పు దగ్గర మన ఇళ్ళలో కష్టం. మాది గుంటూరు వైపు వంట. ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు, అప్పడాలు లేని కంచం ఉండదు. రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పేదే. నాకు ఇంకా తక్కువ చెప్పారు. నేను చేసే పద్ధతి ఇది: కూర అందరికీ కలిపే వండుతాను, ఉప్పు వేయకముందు నా వంతు తీసేస్తాను. నా ఉప్పు పొద్దున్నే చిన్న స్టీలు గిన్నెలో కొలిచి పెట్టుకుంటాను. రోజంతా అందులోంచే. సాయంత్రానికి గిన్నె ఖాళీ అయితే మజ్జిగ చప్పగానే తాగాలి. మొదటి రెండు వారాలు అన్నం నోటికి వెళ్ళలేదు. నిమ్మకాయ పిండుకోవడం, పచ్చి మామిడికాయ వేసిన పప్పు, ఉప్పు లేకుండా కొట్టుకున్న కరివేపాకు వెల్లుల్లి కారం నన్ను గట్టెక్కించాయి. షాపులో 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్ముతారు. అందులో పొటాషియం ఉంటుంది. కొన్ని గుండె మందులతో అది ప్రమాదం, డాక్టర్ని అడగకుండా కొనకండి.

ఆరు నిమిషాల నడక

మా అత్తయ్య మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ప్రేమతోనే అన్నారు, నా పనంతా ఆవిడే చేశారు. కానీ మంచం మీద ఉంటే కాళ్ళ కండరాలు ఇంకా కరిగిపోతాయి. బలం లేని కాళ్ళు ఎక్కువ రక్తం అడుగుతాయి, గుండె పరుగెడుతుంది, మళ్ళీ ఆయాసం. అత్తయ్యని కూడా చెకప్‌కి తీసుకెళ్ళి డాక్టరుగారి నోటితోనే ఈ మాట చెప్పించాను. అప్పట్నుంచి సాయంత్రం నడకకు ఆవిడే నాతో బయల్దేరేవారు.

ఆసుపత్రుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష అని చేస్తారు. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలిగామో కొలవడమే. అక్కడ 30 మీటర్ల వరండా వాడతారు. మా వీధిలో అంత తిన్నగా లేదు, మా ఆయన టేపుతో 20 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దగీత గీశారు. గీత దగ్గర ఎక్కువసార్లు తిరగాలి కాబట్టి మొత్తం కొంచెం తక్కువే వస్తుంది. అందుకే నా అంకెని ఆసుపత్రి అంకెతో పోల్చను. నా పాత అంకెతోనే పోల్చుకుంటాను.

ముందు డాక్టరు అనుమతి తీసుకోండి. ఒక మనిషి పక్కన ఉండాలి. ఒక చివర కుర్చీ వేసుకోండి. తిన్నాక రెండు గంటలు ఆగి, ఎప్పుడూ ఒకే సమయానికి చేయండి. పది నిమిషాలు కూర్చుని నాడి రాసుకోండి. కూర్చున్నప్పుడే 120 దాటి ఉన్నా, జ్వరం ఉన్నా, ఛాతీ నొప్పి ఉన్నా ఆ రోజు వద్దు. ఫోన్లో ఆరు నిమిషాలు పెట్టి మీకు కుదిరిన వేగంలో నడవండి. పరుగు వద్దు. ఆయాసం వస్తే ఆగి గోడకు ఆనుకోవచ్చు, గడియారాన్ని మాత్రం ఆపకూడదు. అయ్యాక దూరం, నాడి, ఆయాసానికి సున్నా నుంచి పది లోపు ఒక మార్కు రాయండి. నాడి మళ్ళీ మొదటికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అదీ రాయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను ఉంటే గోళ్ళరంగు తీసేసి, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు చూడండి. 90 కి కిందికి పోతే ఆపి డాక్టరుకు చెప్పండి.

పదిహేనో రోజు నేను నడిచింది 272 మీటర్లు. రెండుసార్లు ఆగాను. నాడి 118, ఆయాసానికి ఆరు మార్కులు, నాడి దిగడానికి తొమ్మిది నిమిషాలు. మూడు నెలలకు 390. ఆరు నెలలకు 436, నాడి 98, ఆయాసం రెండు, మూడు నిమిషాల్లో దిగింది. మధ్యలో రెండో నెల చివర మూడు వారాలు అంకె కదల్లేదు. 340 దగ్గరే నిలిచిపోయింది. ఇక ఇంతేనేమో అనిపించింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 ఉంది. రక్తం తక్కువైతే గుండె ఇంకా పరుగెత్తాల్సిందే. ఐరన్ బిళ్ళలు మొదలుపెట్టాక అంకె మళ్ళీ కదిలింది. మన ఆడవాళ్ళు ఆయాసం అనగానే ఇదీ ఒకసారి చూపించుకోవాలి.

ఈ పరీక్ష రెండు వారాలకు ఒకసారి చాలు. రోజువారీ నడక వేరు. నేను పూటకు ఐదు నిమిషాలతో, రోజుకు రెండు పూటలు మొదలుపెట్టి, రెండు మూడు రోజులకు ఒక నిమిషం చొప్పున పెంచుకుంటూ పోయాను. పక్కవాళ్ళతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు. మాట తెగితే ఎక్కువైనట్టు. మా ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరు దాటాక నడవలేదు. డెబ్భై మూడో రోజున ఆ పద్దెనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కాను. ఆరేసిన బట్టలు నేనే తెచ్చాను.

ఊపిరితిత్తుల పరీక్షలో రెండు రకాల అంకెలు

గొట్టంలోకి ఊదించే పరీక్ష నాకు బెలూన్‌కి ముందు, ఆరు నెలల తర్వాత చేశారు. నిండుగా పీల్చి బయటికి వదలగలిగే గాలి నా ఎత్తుకీ వయసుకీ ఉండాల్సిన దాంట్లో 62 శాతం ఉండేది, 74 అయింది. రక్తం నిలిచి బిరుసెక్కిన ఊపిరితిత్తులు కొంత వదులయ్యాయన్నమాట.

ఇంకో పరీక్ష ఉంది, గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చూసేది. అది దాదాపు అలాగే ఉంది. నేను డీలా పడ్డాను. అక్కడి గోడలు, రక్తనాళాలు ఏళ్ళ తరబడి మందమయ్యాయని, ఈ అంకె చాలామందిలో పెద్దగా మారదని, అయినా నడక మెరుగవుతుందని డాక్టరుగారు చెప్పారు. నా నడక అంకెలు చూపించాక నాకూ నమ్మకం కుదిరింది. ఈ కాగితం చూసి మీరూ బెంగపడతారేమో అనే ఇది రాశాను.

ఊపిరి కసరత్తు నేను చేసేది తేలికైనదే. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముక్కుతో పీల్చి పొట్ట పైకి లేచేలా చూడటం, వేడి పాలు ఊదినట్టు పెదాలు దగ్గరగా పెట్టి నిదానంగా వదలడం. పూటకు ఐదు నిమిషాలు. గాలి పీల్చి బంతులు పైకి లేపే మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ముఖ్యంగా ఛాతీ కోసి ఆపరేషన్ చేసినవాళ్ళకు ఇస్తారు. బెలూన్‌కి అది తప్పనిసరి కాదన్నారు. పొగ మాత్రం ఎవరికైనా చెరుపే. మా ఆయన బీడీ మానేశారు. కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచే పని నాకు వద్దన్నారు. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు నేను వీధి అరుగు మీద కూర్చుంటాను.

మళ్ళీ మగ్గం మీద

గుంటమగ్గం పని కూర్చుని చేసేదే కదా అంటారు. కాళ్ళు తొక్కుతూనే ఉండాలి, చెయ్యి లాగుతూనే ఉండాలి, నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే మన గుండె కూడా దాని వెంట పరుగెడుతుంది. మూడు వారాలకు కండెలు చుట్టడం మొదలుపెట్టాను. ఆరు వారాలకు మగ్గంలో దిగాను. గంట మోగేలా ఫోన్లో ఇరవై నిమిషాలు పెట్టుకున్నాను. మోగగానే, పోగు తెగినా అతకకుండా, లేచి నాడి చూసుకోవాలి. 110 దాటితే ఆ పూటకు అంతే. ఐదు నిమిషాల్లో 80 కి దిగితే మళ్ళీ ఇరవై నిమిషాలు. గుంటలోంచి లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకండి, బీపీ తగ్గించే మందులతో కళ్ళు తిరుగుతాయి. ముందు ఐదు రోజుల్లో అయ్యే చీర ఇప్పుడు ఏడు రోజులకు అవుతోంది. ఆ రెండు రోజులు ఇచ్చేశాను. మీ పని ఏదైనా, కుట్టుమిషనైనా పొలమైనా, ఇదే లెక్కతో మొదలుపెట్టొచ్చు. బరువులెత్తే పనికి మాత్రం డాక్టర్ని అడగాలి.

ఇరవై ఒక్క రోజుల ఇంజెక్షన్

ఇది అందరూ వదిలేసేది. వదిలేయకండి.

బెలూన్ తలుపుని తెరిచింది, కీళ్ళజ్వరాన్ని ఆపలేదు. మళ్ళీ ఒకసారి ఆ గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి, వెనకే కీళ్ళజ్వరం వస్తే వాల్వ్ ఇంకా పాడవుతుంది. అందుకని బెంజాథిన్ పెనిసిలిన్ 12 లక్షల యూనిట్లు ప్రతి 21 రోజులకు పిరుదుకు వేస్తారు. నాలాగ వాల్వ్ దెబ్బతిన్నవాళ్ళకు చివరిసారి కీళ్ళజ్వరం వచ్చిన తర్వాత పదేళ్ళు, లేదా నలభై ఏళ్ళు నిండేదాకా, ఏది ఎక్కువైతే అది. కొందరికి జీవితాంతం. నాకిప్పుడు ముప్ఫై ఏడు.

మా దగ్గర్లో ఒక క్లినిక్‌లో రెండుసార్లు వెనక్కి పంపారు, రియాక్షన్ వస్తే ఎవరు చూస్తారని. వాళ్ళ భయం నాకు అర్థమైంది కానీ ఆ ఆలస్యంలో నా 21 రోజులు 33 అయ్యాయి. చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఒప్పుకున్నారు. ఆవిడ చేసేది చూసి నేర్చుకున్నవి చెబుతాను. ముందు టెస్ట్ డోస్ వేసి చూస్తారు. మందు కలిపాక సిరంజిని అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని చల్లదనం పోగొడతారు. సూది గుచ్చే చోట బొటనవేలితో పది సెకన్లు గట్టిగా అదుముతారు. ఆ తర్వాత గుచ్చి, రెండు మూడు నిమిషాల పాటు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. తొందరగా ఎక్కిస్తేనే ఎక్కువ నొప్పి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, నీళ్ళు బాగా తాగి వెళ్ళండి, పడుకునే వేయించుకోండి, అరగంట అక్కడే ఉండండి. వాల్వ్ ఇంకా బాగా సన్నగా ఉన్నవాళ్ళకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇంజెక్షన్ బదులు బిళ్ళలు రాయొచ్చు. అది డాక్టరు తేల్చాలి. గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో తేదీలు ముందే చుట్టి పెట్టుకున్నాను. ఆ తేదీలు గుర్తుచేసే పని మా పాప తీసుకుంది.

గొంతునొప్పి, జ్వరం వస్తే సొంతవైద్యం వద్దు. పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోకముందే వాల్వ్ సంగతి చెప్పండి.

రక్తం పలచబడే మందు, ఎకో, కాన్పు

నాకు గుండె వరస తప్పలేదు కాబట్టి ఈ మందు లేదు. ఆసుపత్రిలో నా పక్క మంచం మీదున్న అక్కకు ఉంది, దాని పేరు అసిట్రోమ్. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో ఆవిడ అంకె 2 కి 3 కి మధ్య ఉండాలి. ఆకుకూర మానేయమని ఎవరో చెబితే పూర్తిగా మానేశారు, అంకె పైకి పోయింది. మానడం కాదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. నొప్పి బిళ్ళలు అడగకుండా వేసుకోకూడదు. పరీక్షలు అక్కర్లేని కొత్త మందు ఉందని కొందరు మారిపోతుంటారు. ఈ కీళ్ళజ్వరం గుండెజబ్బు మీదే 2022లో వచ్చిన పెద్ద పరిశోధనలో కొత్త మందు రివరోక్సబాన్ కంటే పాత రకం మందు వాడినవాళ్ళలోనే మరణాలు తక్కువ. సొంతంగా మార్చకండి.

ఎకోకి వెళ్ళినప్పుడు నాలుగు అంకెలు అడిగి రాసుకోండి: వాల్వ్ వైశాల్యం, వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా, వెనక్కి లీకు ఎంత, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎంత. ఎకో తీసేటప్పటి నాడి కూడా రాయించుకోండి. నాడి వేగంగా ఉంటే ఒత్తిడి తేడా ఎక్కువ కనపడుతుంది, వాల్వ్ మళ్ళీ మూసుకుపోతోందని ఉత్తపుణ్యానికి భయపడతాం. నిజంగా మళ్ళీ మూసుకోవడం కొందరికి ఏళ్ళ మీద జరుగుతుంది. అందుకే బాగున్నా ఏడాదికొక ఎకో.

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో పెళ్ళి కావాల్సిన, పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు చాలామంది ఉంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. నెల తప్పాక కాదు, ముందే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కొన్ని మందులు మార్చాలి. ఈ సంగతి అత్తింట్లో దాచొద్దు.

ఇవి వస్తే 108 కి ఫోన్ చేయడమే, రేపు చూద్దాం అనొద్దు: ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం, గులాబిరంగు నురగ కళ్ళె, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం. మూడు రోజులకు తగ్గని జ్వరం వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి.

పానకాల స్వామికి మొక్కుకున్నాను, బాగైతే మెట్లెక్కి వచ్చి పానకం పోయిస్తానని. ఎనిమిదో నెలలో కొండ మీదికి ఘాట్ రోడ్డున ఆటోలో వెళ్ళి పానకం పోయించాను. మెట్ల మొక్కు అలాగే ఉంది. ఏడాది ఎకో బాగుందన్నాక, కొద్దికొద్దిగా అయితే ఎక్కొచ్చన్నారు. ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం ఆరింటికి అత్తయ్యా నేనూ మెట్ల దగ్గరికి వెళ్తాం. ఆవిడ కింద కూర్చుంటారు. పది మెట్లకు ఒకసారి ఆగుతాను, నాడి 110 లోపు ఉంటేనే తర్వాతి పది. మొన్న శనివారం నలభై మెట్లు. పైన నాడి 102, ఐదు నిమిషాలకు 76, ఆయాసం మూడు మార్కులు. వచ్చే శనివారానికి యాభై అని రాసి పెట్టుకున్నాను.